ప్యాకేజీల చీటీ

జావాస్క్రిప్టులో ప్రోగ్రాము రాసేవారు అంతా తామే రాయరు. ఇతరులు రాసిపెట్టిన ముక్కల్ని తెచ్చుకుంటారు. వాటినే ప్యాకేజీలంటారు. వాటిని తెచ్చిపెట్టేది 2010లో వచ్చిన ఎన్.పి.ఎం. ఏవేవి కావాలో రాసుకునే చీటీ 'ప్యాకేజ్ డాట్ జేసన్' అనే ఫైలు.

మా నాన్న ఎరువుల కొట్టుకు పంపే చీటీ లాంటిదే ఇదీను. అయితే కొట్టువాడు గిలుకురాతైనా అర్థం చేసుకుంటాడు. యంత్రం అలా కాదు. చివర ఒక్క కామా ఎక్కువైతే ఫైలు మొత్తం చదవనంటుంది.

ఈ బాధ తీర్చడానికి, మైక్రోసాఫ్ట్ వారు 2015లో తెచ్చిన వి.ఎస్. కోడ్ ఎడిటరుకు కొన్ని ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. అవి ఫైలును దరఖాస్తు ఫారంలా గళ్లు గళ్లుగా చూపిస్తాయి. పేరొక గడిలో, వెర్షను మరో గడిలో. కామాలు అవే పెట్టుకుంటాయి.

బాగానే ఉంది. కాని అసలు మెలిక వెర్షను గడిలోనే ఉంది. ఉత్త 4.2.1 అని ఉంటే అదే వస్తుంది. ముందు టోపీ గుర్తు '^' ఉంటే 5.0.0కు లోపు కొత్తది ఏదైనా రావచ్చు. '~' ఉంటే 4.3.0కు లోపే. అందుకే ఇంట్లో నిక్షేపంగా నడిచిన ప్రాజెక్టు, మార్కులు వేసే రోజున ల్యాబులో మొరాయించవచ్చు!

దీనికి విరుగుడు 2017లో వచ్చిన 'ప్యాకేజ్-లాక్' ఫైలు. నిజంగా దిగిన వెర్షన్లన్నీ అందులో నమోదవుతాయి. ప్రాజెక్టుతోపాటు దాన్నీ ఇచ్చి, అక్కడ 'ఎన్.పి.ఎం. సి.ఐ.' అని కొట్టిస్తే సరిగ్గా అవే దిగుతాయి.

కనుక మిత్రులారా, ఫారం హాయిగా వాడుకోండి. కాని ప్రాజెక్టు అప్పగించే ముందు వెనకున్న అసలు ఫైలు ఒకసారి తెరిచి చదవండి.