మోడు చిగురే క్లోనింగ్‌కు ఆధారం

జామాయిల్ తోటలో ఒక చెట్టు నిటారుగా, ఏపుగా పెరిగింది. దాని విత్తనాలు నాటితే మొక్కలన్నీ తల్లిలా ఉండవు. కొమ్మ నాటుదామంటే, ముదిరిన చెట్టు పైకొమ్మలకు వేళ్లు పుట్టడం చాలా కష్టం. అందుకే ముందు ఆ చెట్టునే నరుకుతారు.

మోడు అడుగున నిద్రాణంగా ఉన్న మొగ్గలు మేల్కొని పిలకలు వేస్తాయి. చెట్టు ముసలిదైనా ఈ పిలకల్లో లేతదనం ఉంటుంది. సుమారు నెలన్నరకు, కాండం గట్టిపడకముందే, చల్లని ఉదయం వేళ వాటిని కత్తిరించాలి. మొదలుకు ఆక్సిన్ హార్మోన్ పొడి అద్ది, సన్నటి తుంపర పడే గదిలో నాటితే వేళ్లు వస్తాయి.

భద్రాచలం ప్రాంతంలో 1989లో మొదలైన జామాయిల్ క్లోనింగ్‌కు ఈ పిలకలే ఆధారం. ఆలస్యం చేస్తే పిలక కూడా ముదురుతుంది. మేలైన ఆ చెట్టుకు నకలు దొరకడం కష్టమవుతుంది.