తొర్రలు తరుగుతున్నాయి.. పెద్దనల్లంచికి గూడేది?

వేసవి వేకువన, కాకులింకా మేల్కొనకముందే, మామిడితోపు చిటారుకొమ్మ నుంచి తీయని ఈలపాట వినిపిస్తే అది చాలావరకు పెద్దనల్లంచిదే. కోయిల పాటగా పొరబడేవారూ ఉన్నారు. కోయిలది ఒకే కూత. ఈ పిట్ట మాత్రం వరుసలు మార్చి మార్చి పాడుతుంది, మధ్యమధ్య ఇతర పక్షుల గొంతులనూ అనుకరిస్తుంది.

పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. మగపక్షి తల, రొమ్ము, వీపు నిగనిగలాడే నలుపు. పొట్ట తెలుపు, రెక్కపై పొడవాటి తెల్లచార. ఆడపక్షిలో నలుపు స్థానాన బూడిద రంగు ఉంటుంది. నేలపై గెంతుతూ తోకను నిటారుగా ఎత్తి దించడం దీని ఆనవాలు. దట్టమైన అడవిలో ఉండే పొదనల్లంచి దీనికి దగ్గరి బంధువు. పెద్దనల్లంచి మాత్రం పలుచని అడవులు, తోపులు, ఇళ్ల పెరళ్లను ఆశ్రయిస్తుంది. వలస పోదు.

మిడతలు, చీమలు, కీచురాళ్లు దీని ప్రధానాహారం. బూరుగు పూసిన రోజుల్లో పూదేనెనూ రుచి చూస్తుంది.

మార్చి నుంచి జులై వరకు సంతానోత్పత్తి కాలం. మగపక్షి తన హద్దులోకి మరో మగపక్షిని రానివ్వదు. ముక్కు పైకెత్తి, ఈకలు ఉబ్బించి బెదిరిస్తుంది. చెట్టు తొర్రలో, లేదంటే పాతగోడ కంతలో వేళ్లు, గడ్డి, వెంట్రుకలు పరిచి గూడు కడతాయి. నాలుగైదు గుడ్లు పెడితే పొదిగే పని ఆడపక్షిదే. పిల్లలను మేపడంలో రెండూ పాలుపంచుకుంటాయి. ఆ కాలం గడిచాక ఈ గాయకుడు పొదల మాటున మౌనం వహిస్తాడు. అందుకే చలికాలంలో ఇది ఊళ్లోనే ఉన్నా లేనట్లే అనిపిస్తుంది.

చిక్కంతా తొర్రలతోనే. సొంతంగా తొలుచుకునే శక్తి దీనికి లేదు. ఎండిన మోడును పనికిరానిదని నరికితే, పాతగోడను కూల్చి సిమెంటు పూస్తే, దీని గూటిచోటు పోయినట్లే. మిగిలిన తొర్రల కోసం గోరింకలతోనూ పోటీ తప్పదు.

గొంతు బాగుండడమే దీనికి మరో ముప్పు. సింగపూర్‌లో ఒకప్పుడు విరివిగా ఉండిన ఈ పక్షి పంజరాల కోసం పట్టివేత, మైనాల పోటీ వంటి కారణాలతో 1970ల నాటికి అరుదైపోయింది. బంగ్లాదేశ్‌లో ‘దోయెల్’ పేరుతో ఇదే జాతీయ పక్షి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, పంజరంలో పెంచడం నేరం.

పెరట్లో పిల్లులకు అందని ఎత్తున, ఎండపడని చోట, ఒకవైపు తెరిచిన చెక్కపెట్టె కడితే ఇది అందులోనూ గూడు పెడుతుంది. మార్చికి ముందే కట్టాలి.