దారి వెడల్పయింది, జబ్బు పోలేదు

మగపిల్లి మూత్రనాళం మూత్రాశయం దగ్గర సుమారు 2.4 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కిందికి దిగేకొద్దీ సన్నబడి, బల్బోయూరెత్రల్ గ్రంథుల దగ్గర 1.3కి, పురుషాంగంలోకి వచ్చేసరికి 0.7 మిల్లీమీటర్లకి చేరుతుంది. మిల్లీమీటరు కూడా లేని ఆ చివరి దారి మూసుకుపోవడానికి పెద్ద రాయే అక్కర్లేదు. ఇసుక రేణువంత స్ఫటికాలు, వాచిన మూత్రాశయం నుంచి ఊడివచ్చిన జిగురు ముద్ద, ఒక్కోసారి కండరం బిగుసుకోవడం కూడా సరిపోతుంది. ఆడపిల్లికి నాళం పొట్టి, వెడల్పు ఎక్కువ. అందుకే అదే జబ్బు ఆడపిల్లికి వస్తే బాధ పడుతుంది, మగపిల్లికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

దారి మూసుకుపోతే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీల పని ఆగిపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. లిట్టర్ ట్రేలో కూర్చుని ముక్కుతున్న పిల్లిని చూసి చాలామంది మలబద్ధకం అనుకుంటారు. ఆ పొరపాటులోనే విలువైన సమయం గడిచిపోతుంది.

వేళకు ఆసుపత్రికి చేరితే మత్తిచ్చి, క్యాథెటర్ వేసి, సెలైన్ ఎక్కించి బతికిస్తారు. కొన్ని పిల్లులకు అక్కడితో సరి. కొన్నిటికి నెలలో మళ్లీ బ్లాక్ అవుతుంది. రెండోసారో మూడోసారో అయ్యాక డాక్టరు ‘పీయూ సర్జరీ’ మాట ఎత్తుతారు. పూర్తి పేరు పెరినియల్ యూరెత్రాస్టమీ. నేటికీ వాడుకలో ఉన్న పద్ధతిని విల్సన్, హారిసన్ అనే ఇద్దరు 1971లో అమెరికా పశువైద్య పత్రికలో వివరించారు. సన్నగా ఉన్న చివరి భాగాన్ని తీసేసి, పైనున్న వెడల్పాటి నాళాన్ని తోక కింద చర్మానికి కలిపి కుడతారు. అంటే మూత్రం పోసే విషయం వరకు మగపిల్లి ఆడపిల్లిలా మారుతుందన్నమాట. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వేరు, ఇది వేరు. అది అప్పటికి చేయించి ఉండకపోతే దీంతోపాటే కానిచ్చేస్తారు. చిన్న వయసులో ఆ ఆపరేషన్ చేయించడం వల్లే నాళం సన్నబడి ఈ గతి పట్టిందని బాధపడేవాళ్లున్నారు. నాళం వెడల్పు కొలిచి చూసిన అధ్యయనాల్లో అలాంటి తేడా కనిపించలేదు.

ఆపరేషన్ బాగా జరుగుతుంది. కుట్లు మానతాయి. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ఏదో ఒకరోజు పిల్లి మళ్లీ గంటలో పదిసార్లు ట్రే దగ్గరికి పరుగెడుతుంది. రెండు చుక్కలు పోస్తుంది, అందులో ఎర్ర జీర. “ఆపరేషన్ ఫెయిలైందా డాక్టర్ గారూ?” అన్నది అప్పుడు సహజంగా వచ్చే ప్రశ్న.

చాలాసార్లు కాలేదు. సర్జన్ చేసింది దారి వెడల్పు చేయడం, అంతవరకే. మూత్రాశయం గోడ ఎందుకు వాస్తోంది, స్ఫటికాలు ఎందుకు కడుతున్నాయి అన్న సంగతులకు కత్తితో సంబంధం లేదు. పీయూ చేయించిన పిల్లికి బ్లాక్ అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది గాని జబ్బు తిరగబెట్టకూడదని ఏమీ లేదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే ఇంటివాళ్లకు విడమరిచి చెప్పాలి. చెప్పని చోట, మళ్లీ రక్తం కనిపించిన రోజున డాక్టరు మీద నమ్మకం పోతుంది. ఆ వెంటనే ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ బయటికి వస్తుంది.

ఇక్కడే ఆగాలి. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే ఇబ్బందికి ప్రధానంగా నాలుగు కారణాలుంటాయి: కారణం తెలియని వాపు, బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్, రాళ్లు, కొత్త దారి మళ్లీ ముడుచుకుపోవడం. నాలుగూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మందులు మాత్రం వేర్వేరు.

పదేళ్లలోపు పిల్లుల్లో మూత్ర సమస్యతో వచ్చేవాటిలో సగానికి పైగా మొదటి రకమే. దీన్ని ఇడియోపథిక్ సిస్టైటిస్ అంటారు. రాయి ఉండదు, క్రిమి ఉండదు, మూత్రాశయం మాత్రం పుండులా ఉంటుంది. దీని గుట్టు విప్పడానికి దశాబ్దాలు వెచ్చించినవాడు ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యుడు టోనీ బఫింగ్టన్. జబ్బు మూత్రాశయానిది మాత్రమే కాదని, నాడీవ్యవస్థ, ఒత్తిడి హార్మోన్లు, పిల్లి బతికే ఇల్లు అన్నీ కలిసి తెచ్చేదని ఆయన వాదన. అందుకే ‘పండోరా సిండ్రోమ్’ అన్న పేరు పెట్టాడు.

ఆయన బృందం 2011లో ప్రచురించిన ఒక పరిశీలన చూడండి. ఈ జబ్బున్న 20 పిల్లులను, ఆరోగ్యంగా ఉన్న 12 పిల్లులను కలిపి 77 వారాలు గమనించారు. రోజూ చూసుకునే మనిషి మారడం, తిండి వేళ తప్పడం వంటివి జరిగిన వారాల్లో తిండి మానేయడం, ట్రే బయట పోయడం పెరిగాయి. విశేషమేమిటంటే, జబ్బున్న పిల్లులతోపాటు ఆరోగ్యంగా ఉన్నవీ అలాగే చేశాయి. మనిషికి లెక్కలోకి రాని మార్పు పిల్లికి పెద్ద కుదుపు. దీపావళి టపాసులు, వారం రోజుల ఇంటి సున్నాలు, పెళ్లికి దిగిన చుట్టాలు, కొత్తగా తెచ్చిన రెండో పిల్లి, వీటిలో ఏదైనా చాలు.

మరి మందేమిటి? 2006లో అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో అధ్యయనంలో ఇళ్లలోనే ఉండే 46 జబ్బు పిల్లుల యజమానులకు మామూలు వైద్యంతోపాటు ఇల్లు సర్దుకునే సలహాలిచ్చారు. ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటు, దాక్కోవడానికి అట్టపెట్టె, రోజూ కాసేపు ఆట, ట్రేల శుభ్రత, పిల్లుల మధ్య తగవు తగ్గించడం. పది నెలల తర్వాత చూస్తే మూత్రం ఇబ్బందులు బాగా తగ్గాయి, బెదురూ తగ్గింది. పోల్చడానికి సలహాలివ్వని మరో గుంపు లేకపోవడం ఆ అధ్యయనంలో లోటే. అయినా ఇంత చౌకగా, ఏ దుష్ప్రభావమూ లేకుండా దొరికే వైద్యం ఈ జబ్బుకు ఇంకోటి లేదు. పిల్లులు ఎన్నో ట్రేలు అంతకంటే ఒకటి ఎక్కువ ఉండాలన్నది పశువైద్యుల లెక్క. అన్నీ ఒకే బాత్రూంలో వరసగా పెడితే పిల్లి దృష్టిలో అది ఒక్క ట్రే కిందే లెక్క. ఒక్కోటి ఒక్కో గదిలో ఉండాలి.

ఈ రకం వాపు ఏ మందూ లేకున్నా సాధారణంగా వారం రోజుల్లో సద్దుమణుగుతుంది. సరిగ్గా యాంటీబయాటిక్ కోర్సు కూడా వారమే. తగ్గింది దానంతటదే, పేరు మాత్రం మందుకు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అదే మందు, ఈసారి ఇంకాస్త ఘాటుది. చివరికి నిజంగా ఇన్‌ఫెక్షన్ వచ్చిన రోజున ఆ క్రిమి ఆ మందులకు లొంగకపోవచ్చు.

ఆ రోజు పీయూ పిల్లికి వచ్చే అవకాశం మామూలు పిల్లి కంటే ఎక్కువ. చిక్కటి మూత్రం, పొడవాటి నాళం, దాని చివరి కండరాల బిగువు మామూలుగా క్రిములను లోపలికి రానివ్వవు. ఆపరేషన్‌తో నాళం పొట్టిదవుతుంది, దాని నోరు మలద్వారానికి దగ్గరవుతుంది. ఈ.కొలి వంటి పేగు క్రిములకు దారి సులువవుతుంది. అందుకే పీయూ అయిన పిల్లి మళ్లీ ముక్కుతుంటే మూత్రాన్ని కల్చర్, సెన్సిటివిటీ పరీక్షకు, అంటే ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు పంపాలి. ట్రేలోంచి తీసిన మూత్రం దీనికి పనికిరాదు. పొట్ట మీదుగా సన్నటి సూదితో మూత్రాశయం నుంచే తీయాలి. చూసేవాళ్లకు భయం వేస్తుంది గాని పిల్లి రక్తపరీక్ష సూదికి ఎంత విసుక్కుంటుందో దీనికీ అంతే. ఏ బాధా లేకుండా తిరుగుతున్న పిల్లికి కల్చర్‌లో క్రిములు కనబడినంత మాత్రాన మందు వేయనక్కర్లేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏది వేయాలో, ఏది వదిలేయాలో తేల్చాల్సింది డాక్టరే.

రాళ్ల కథ ఇంకా ఆసక్తికరం. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో కార్ల్ ఆస్బోర్న్ నెలకొల్పిన రాళ్ల పరీక్షా కేంద్రానికి 1981లో వచ్చిన పిల్లి రాళ్లలో 78 శాతం స్ట్రువైట్, 2 శాతం మాత్రమే కాల్షియం ఆక్సలేట్. స్ట్రువైట్ అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి కట్టే రాయి. దాంతో పిల్లి తిండి చేసే కంపెనీలు మెగ్నీషియం తగ్గించాయి, మూత్రం ఆమ్లంగా మారేలా తిండిని సవరించాయి. 2002 నాటికి లెక్క తిరగబడింది. ఆక్సలేట్ 55 శాతం, స్ట్రువైట్ 33 శాతం. ఒక రాయిని తరిమిన ఆమ్లత్వం రెండోదానికి తోడ్పడిందని పరిశోధకుల అంచనా. పిల్లికి వచ్చే స్ట్రువైట్ ప్రత్యేక ఆహారంతో సాధారణంగా కొన్ని వారాల్లో కరిగిపోతుంది. ఆక్సలేట్ దేనికీ కరగదు, తీయించాల్సిందే. కాబట్టి ‘రాళ్ల ఫుడ్’ అని దుకాణంలో అడిగి కొనేముందు అది ఏ రాయో తెలియాలి. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ తీయించాలి, బయటికి తీసిన రాయి ఉంటే పరీక్షకు పంపాలి. మూత్రంలో నాలుగు స్ఫటికాలు కనబడినంత మాత్రాన కంగారు పడకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి ఆలస్యంగా చూసిన మూత్రంలో అవి కొత్తగా పుడతాయి కూడా.

నాలుగోది, దారి ముడుచుకుపోవడం. ధార రోజురోజుకీ సన్నబడటం దీని గుర్తు. ఎక్కువగా ఆపరేషన్ తర్వాతి వారాల్లో, నెలల్లో బయటపడుతుంది. నాళాన్ని వెడల్పు భాగం దాకా విడదీయకపోయినా, పిల్లి కుట్లు నాకి పీకేసినా, మూత్రం చర్మం కిందికి కారినా ఇలా అవుతుంది. అందుకే కుట్లు మానేవరకు మెడకు కాలర్ తీయకూడదు. ఆ కళ్లలోకి చూసి జాలిపడి తీసేస్తే మరో ఆపరేషన్ తప్పకపోవచ్చు. ట్రేలో మట్టి లిట్టర్ బదులు చింపిన కాగితం వేయాలి. గాయం మీద కట్టిన పక్కును గిల్లకూడదు.

కారణం ఏదైనా నీటి దగ్గరికి రావాల్సిందే. పిల్లి పూర్వీకులు ఎడారి జీవులు. వేటాడిన జంతువు మాంసంలోని నీటితోనే సరిపెట్టుకుని, మూత్రాన్ని చిక్కగా చేసి పంపడం వాటికి వంశపారంపర్యం. పొడి ఫుడ్‌లో నీరు పది శాతానికి మించదు. పౌచ్‌ల్లో, డబ్బాల్లో వచ్చే తడి ఆహారంలో 75 నుంచి 80 శాతం ఉంటుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు తిండిలోదీ తాగేదీ కలిపి దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. పొడి ఫుడ్ తినే పిల్లి ఆ లోటు గిన్నెలో నీళ్లు తాగి పూడ్చుకోవడం కష్టం. కాబట్టి తడి ఆహారానికి మార్చడం, దానిలోనూ రోజుకో చెంచా చొప్పున గోరువెచ్చటి నీళ్లు పెంచుతూ కలపడం మంచి మార్గం. మూత్రం పలచబడిందో లేదో కళ్లతో తేల్చలేం. మూత్ర సాంద్రతను ఆసుపత్రిలో కొలుస్తారు. పిల్లిది తరచుగా 1.050 దాటుతుంది, దాన్ని 1.035 కంటే కిందికి తేవడం లక్ష్యం. చికెన్ ఉడికించిన నీళ్లు పోయవచ్చు గాని అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. ఉల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది.

మన ఇళ్లలో పిల్లికి పెట్టే పెరుగన్నం సంగతీ చెప్పుకోవాలి. పిల్లి పూర్తి మాంసాహారి. గుండెకు, కంటికి అవసరమైన టారిన్ దానికి మాంసం, చేపల నుంచే రావాలి. గింజధాన్యాల తిండి మూత్రం క్షారత్వాన్ని పెంచి స్ట్రువైట్‌కు దారిస్తుంది. ఎండుచేపల్లో ఖనిజాలు, ఉప్పు ఎక్కువ. ఏదో రోజున ఒక ముక్క తింటే ఏమీ కాదు. పీయూ అయిన పిల్లికి వీటినే పూట భోజనంగా పెట్టడం మాత్రం తప్పు.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. పిల్లి మూలుగుతోందని ఇంట్లోని పారాసిటమాల్ ముక్క చేసి వేయవద్దు. పిల్లి కాలేయానికి దాన్ని విడగొట్టే శక్తి లేదు, ఒక్క మాత్ర చంపేస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే. నొప్పి తగ్గించే తగిన మందు డాక్టరే రాస్తారు. నొప్పికి మందు వేయకుండా యాంటీబయాటిక్ మాత్రమే రాసిన చీటీని ఈ జబ్బులో అర్ధ వైద్యమే అనాలి. పాత చీటీలో ఉన్నదని ఏ మందూ కొనసాగించకండి. నాళాన్ని వదులు చేస్తుందని ఏళ్లుగా వాడిన ప్రజోసిన్ మళ్లీ బ్లాక్ కావడాన్ని తగ్గించడం లేదని, పైగా పెంచుతోందని 388 పిల్లుల రికార్డులు చూసిన 2022 నాటి అధ్యయనం తేల్చింది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లోని డాక్టరుకు అంతుపట్టని కేసులను అలాంటి చోట్లకు పంపమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. వెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలు, చివరి కల్చర్ రిపోర్టు, పిల్లి తింటున్న ఫుడ్ ప్యాకెట్ ఫొటో తీసుకెళ్లండి. పీయూ చేయించిన పిల్లి అయినా సరే, ముక్కుతూ ఒక్క చుక్కా పోయలేకపోతుంటే, పొట్ట కింద గట్టి బంతిలా తగులుతుంటే తెల్లారేదాకా ఆగకండి. రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల నంబరు ఈరోజే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి.