ద్రవ్యరంగంలో తెలుగు మహిళ: శ్రీమతి చుండూరు పద్మజ

కమాన్‌పూర్ పాఠశాలలో చదువుకొనే బాలికకు అంతర్జాతీయ ద్రవ్యవ్యవహారమంటే ఏడు సముద్రాల ఆవలి మాటగా తోచవచ్చును. కాని ఆమె ఊరి చుట్టూ అల్లుకొన్న బొగ్గు పరిశ్రమ పుట్టుకే లండన్ షేర్ బజారుతో ముడిపడి ఉన్నది. సింగరేణికి పూర్వరూపమైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో ఇంగ్లండులో నమోదైనది. దాని లక్ష వాటాలలో 85,000 వాటాలు, పైకం చెల్లించకుండానే, గనుల హక్కును సంపాదించినవారి చేతిలోనికి పోయినవి. నిజాం ప్రభుత్వం తరఫున వ్యవహరించిన అబ్దుల్ హక్‌కే అందులో రహస్యంగా భాగమున్నదని బయటపడగా, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపినది. తరువాత ఒక శతాబ్దం గడవవచ్చిన కాలంలో, ఇదే గోదావరీతీరాన రామగుండం ఉష్ణవిద్యుత్కేంద్రం ప్రపంచ బ్యాంకు ఋణసహాయంతో లేచి, 1983లో తొలి యూనిట్‌ను ప్రారంభించినది.

ఇటువంటి పెద్ద లావాదేవీల లోకంలో స్త్రీకి ప్రవేశం ఆలస్యంగా లభించినది. లండన్ షేర్ బజారు స్త్రీలను సభ్యులుగా అంగీకరించినది 1973లో! భారతదేశంలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు అధ్యక్షపీఠం తొలిసారి మహిళకు దక్కినది 2000లో. ఆమె శ్రీమతి రంజనా కుమార్. ఆ బ్యాంకు మద్రాసులోని ఇండియన్ బ్యాంకు. పద్దెనిమిదేండ్ల తరువాత అదే బ్యాంకు పగ్గాలు చేపట్టిన తెలుగు మహిళ శ్రీమతి చుండూరు పద్మజ.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాణిజ్యశాస్త్రం అభ్యసించి ఎం.కాం. పట్టం పొందిన పద్మజ 1984లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ అధికారిణిగా చేరినారు. అది లెడ్జరు పుస్తకాల కాలం. బ్యాంకులలో కంప్యూటర్ల వినియోగాన్ని గూర్చి రంగరాజన్ సంఘం నివేదిక సమర్పించినది కూడా ఆ సంవత్సరమే. చేతివ్రాత పద్దుల నాడు కొలువులో చేరిన ఈ అధికారిణి, అదే బ్యాంకులో డిజిటల్ సేవల విభాగానికి డిప్యూటీ మేనేజింగ్ డైరెక్టరు కాగలిగినారు.

అంతకు ముందు ఆమె న్యూయార్కులో ఉండి స్టేట్ బ్యాంకు అమెరికా కార్యకలాపాలన్నింటికి ఆధిపత్యం వహించినారు. అక్కడ భారతీయ బ్యాంకుకు పనేమిటని విద్యార్థి అడుగవచ్చును. ఒక గనికి విదేశపు యంత్రం కావలెననుకొందాము. పైకం చేతికి రానిదే అమ్మకందారు సరుకును ఓడకెక్కించడు. సరుకు పంపినట్లు రుజువు లేనిదే కొనుగోలుదారు పైకమివ్వడు. ఈ ఇద్దరి నడుమ బ్యాంకు నిలిచి, 'ఓడ రసీదులు చూపుము, పైకం నేను చెల్లింతును' అని వ్రాసి ఇచ్చే హామీపత్రమే లెటర్ ఆఫ్ క్రెడిట్. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు వర్తకులు ఆ కాగితం బలంతో బేరం సాగింతురు. డాలర్ల చెల్లింపులు, ప్రవాసుల సొమ్ము, సంస్థలకు ఋణాలు, ఆ దేశపు పర్యవేక్షకుల కఠిన నిబంధనలు, అన్నీ అక్కడి అధికారి బాధ్యతలే.

2018 సెప్టెంబరులో ఆమెకు అప్పగించిన ఇండియన్ బ్యాంకు చరిత్ర తక్కువది కాదు. 1906లో మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి ఎందరి పొదుపునో ముంచినది. ఆ దెబ్బ తిన్న నగర ప్రముఖులు మరుసటి ఏడాదే స్వదేశీ బ్యాంకును నెలకొల్పినారు. 1995-96లో అదే బ్యాంకు 1,336 కోట్ల రూపాయల నష్టంతో కుంగినది. రంజనా కుమార్ హయాంలో మళ్లీ లాభం చూచినది.

పద్మజకు వచ్చిన పరీక్ష వేరు. 1865లో పుట్టిన అలహాబాద్ బ్యాంకును ఇండియన్ బ్యాంకులో విలీనం చేయవలెనని ప్రభుత్వం 2019 ఆగస్టులో ప్రకటించినది. ముహూర్తం 2020 ఏప్రిల్ 1. దానికి వారం ముందు, మార్చి 25న, కరోనా మహమ్మారి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. రైళ్లు లేవు, విమానాలు లేవు. బ్యాంకులు మాత్రం తెరచియే ఉండవలెను. అట్టి వేళ రెండు సంస్థలు ఒకటైనవి. దాదాపు ఆరు వేల శాఖలు ఒక్క పేరు క్రిందికి వచ్చినవి. కాగితంపై విలీనం ఒక్క రోజు పని; ఖాతాలన్నింటిని ఒకే కంప్యూటర్ వ్యవస్థలోనికి చేర్చేసరికి 2021 ఫిబ్రవరి వచ్చినది. నూటయేబదియైదేండ్ల పేరు ఒకటి బోర్డుల మీద నుండి చెరిగిపోవడం పాత ఖాతాదారులకు బాధాకరమే. అయితే వారి పాస్‌బుక్కులోని అంకె చెదరకుండా కొత్త పుస్తకంలోనికి ఎక్కడం ఆ నాటి అసలు పని.

ఇండియన్ బ్యాంకు బాధ్యతలు ముగిసిన పిమ్మట, 2021 సెప్టెంబరులో, ఆమె ఎన్‌.ఎస్‌.డి.ఎల్. అనే సంస్థకు అధిపతి అయినారు. 1996లో ఆరంభమైన ఈ సంస్థ దేశంలో తొలి డిపాజిటరీ. కంపెనీల వాటాలను కాగితం రూపంలో గాక ఖాతాదారుల పేర కంప్యూటరు పద్దులుగా భద్రపరచుతుంది. దక్కన్ కంపెనీ వాటాలు ఎవరెవరి చేతులలో ఉన్నవో తేల్చడానికి ఒకనాడు లండన్‌లో సాక్షులను పిలిపించవలసి వచ్చినది. ఇక్కడ ఏ వాటా ఎవరి ఖాతా నుండి ఏ నాడు ఎవరి ఖాతాకు మారినదో పద్దు చూచిన తెలియును.