చేతుల మీద నీళ్లు పోసినవాడు

కప్పం ఎగవేసిన మోయాబు రాజు మేషాను లొంగదీయాలని ముగ్గురు రాజులు బయల్దేరారు. ఇశ్రాయేలు రాజు యెహోరాము, యూదా రాజు యెహోషాపాతు, వారికి తోడు ఎదోము రాజు. ఏడు రోజులు చుట్టు తిరిగి నడిచేసరికి సైన్యానికీ పశువులకూ చుక్క నీరు లేకుండాపోయింది. విచారణ చేయడానికి యెహోవా ప్రవక్త ఎవరూ లేరా అని యెహోషాపాతు అడిగాడు. జవాబు చెప్పింది రాజు కాదు, ఆయన సేవకుల్లో ఒకడు. షాపాతు కుమారుడు ఎలీషా ఇక్కడే ఉన్నాడని, ఏలీయా చేతుల మీద నీళ్లు పోసేవాడు అతడేనని చెప్పాడు (2 రాజులు 3:11).

అప్పటికి ఎలీషా అనామకుడేమీ కాదు. యొర్దానును పాయలు చేసి దాటినవాడు, యెరికోలో చెడిపోయిన నీటి ఊటను బాగుచేసినవాడు. ఆ అద్భుతాల్లో ఏదో ఒకటి చెప్పి పరిచయం చేయవచ్చు. కానీ ఆ సేవకుడికి గుర్తున్నది యజమాని చేతులు కడుక్కుంటుంటే నీళ్లు పోస్తూ నిలబడిన ఎలీషా. పనివాణ్ణి పనివాడే గుర్తుపడతాడు కాబోలు! యెహోషాపాతుకు కూడా ఆ పరిచయం సరిపోయింది. దేవుని వాక్కు అతని దగ్గర ఉందని వెంటనే ఒప్పుకున్నాడు.

నిజానికి ఎలీషా లేక పనికి కుదిరినవాడు కాడు. పన్నెండు అరకలతో దున్నే పొలంలో పన్నెండో అరక తోలుతుండగా ఏలీయా వచ్చి తన దుప్పటి అతని మీద వేశాడు. ఎలీషా తన కాడి ఎడ్లను కోసి, ఆ కాడి కొయ్యతోనే వండి జనానికి పెట్టి బయల్దేరాడు. అంతటి ఇంటి బిడ్డ ఏలీయా వెంట వెళ్లి ఏం చేశాడంటే, ఉపచారం చేశాడని ఒక్క మాటలో చెప్పి గ్రంథకర్త ఊరుకున్నాడు (1 రాజులు 19:21). అక్కడున్న హీబ్రూ క్రియ 'షారత్'. పోతీఫరు ఇంట్లో యోసేపు చేసిన పనికీ, మోషే దగ్గర యెహోషువ చేసిన పనికీ, ప్రత్యక్షపు గుడారంలో యాజకులు చేసిన సేవకూ అదే మాట. ఇంటి పనికి ఒక మాట, గుడి పనికి మరో మాట అక్కడ లేదు. మనమే 'పరిచర్య' అనే మాటను వేదిక మీదికి ఎక్కించి, కిందికి దిగనివ్వడం లేదు.

ఏలీయా పరలోకానికి వెళ్లే రోజున ఎలీషా అడిగింది రెండు పాళ్లు. ధర్మశాస్త్రంలో అది జ్యేష్ఠ కుమారుడి వాటా (ద్వితీ 21:17). జీతగాడిలా కాక కొడుకులా అడిగాడు. యజమాని కనుమరుగవుతుంటే 'నా తండ్రీ' అని కేకవేసి తన బట్టలు చింపుకున్నాడు. గురువు దగ్గర నేర్చినదాన్ని తన ప్రతిభ అనుకున్నవాడు అలా ఏడవడు.

సంఘకాపరులుగా మేము ఆదివారం వినే సాక్ష్యాల్లో ఈ ఏడుపు తక్కువ. 'హోటల్లో గిన్నెలు కడిగే నన్ను ప్రభువు లేవనెత్తాడు' అని సోదరులు చెబుతారు. అది సత్యమే. కానీ తెల్లవారుజామునే లేచి పనిలో ఉండటం, చిల్లర పైసాతో సహా లెక్క అప్పజెప్పడం, కోపంగా వచ్చిన మనిషికి నెమ్మదిగా జవాబివ్వడం ఎక్కడ నేర్చుకున్నారు? నేర్పిన హోటల్ యజమాని సాక్ష్యంలో కనిపించడు. కనిపించినా, ప్రభువు విడిపించిన ఐగుప్తులో ఫరోలా కనిపిస్తాడు. దేవునికి కృతజ్ఞత చెల్లించాం కాబట్టి మనిషి బాకీ తీరిపోయినట్టేనా? ఎలీషా దేవుని ఆత్మనే పొందాడు, అయినా 'నా తండ్రీ' అన్నది ఏలీయానే.

ఈ మాట విని యజమానులు సంతోషపడిపోకూడదు. కృతజ్ఞత జీతానికి బదులు కాదు. కూలివాని జీతం పొద్దు గుంకకముందే ఇవ్వాలని ధర్మశాస్త్రం (ద్వితీ 24:15), బిగపట్టిన కూలి మొర పెడుతుందని యాకోబు పత్రిక (5:4) చెబుతున్నాయి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటి పనులకు వెళ్లిన అక్కచెల్లెళ్లలో దయగల ఇంటి కోసం కన్నీళ్లతో ప్రార్థించేవారూ ఉన్నారు, దెబ్బలు తిని తిరిగొచ్చినవారూ ఉన్నారు. రెండోవారిని కృతజ్ఞత చూపమనడం క్రూరత్వం. ఇంటి పనివారికి వారానికొక సెలవు ఉండాలని కువైట్ 2015లో చట్టం చేసింది. నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలని విశ్రాంతిదినపు ఆజ్ఞలో ఏనాడో ఉంది (ద్వితీ 5:14).

దయగల యజమాని దొరికినా అందరూ ఎదగరు. ఎలీషా దగ్గర పనిచేసిన గేహజీయే దానికి సాక్షి. రోజూ అద్భుతాలు చూశాడు. యజమాని వద్దన్న కానుక కోసం నయమాను రథం వెంట పరుగెత్తి, వెండీ దుస్తులూ తెచ్చుకొని, కుష్ఠును మూటగట్టుకున్నాడు.

అయితే 2 రాజులు 8వ అధ్యాయంలో గేహజీ మళ్లీ కనిపిస్తాడు. ఇది కుష్ఠుకు ముందు జరిగిందా, తర్వాతా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. ఎలీషా చేసిన గొప్ప కార్యాలు చెప్పమని రాజు అడిగితే గేహజీ చెబుతున్నాడు. చనిపోయిన బాలుణ్ణి తన యజమాని బతికించిన సంగతి చెబుతుండగానే ఆ బాలుడి తల్లి లోపలికొచ్చింది. కరవుకు భయపడి ఏడేళ్లు ఫిలిష్తీయుల దేశంలో తలదాచుకొని, తిరిగొచ్చి తన ఇంటి కోసం, పొలం కోసం మొరపెట్టుకోవడానికి వచ్చిన షూనేమీయురాలు. ఆమే ఈమె అని గేహజీ చూపించాడు. రాజు ఒక అధికారిని పిలిచి, ఆమెదంతా తిరిగి ఇప్పించమనీ, ఆమె దేశం విడిచిన నాటినుంచి ఆ పొలం మీద వచ్చిన రాబడి కూడా ఇప్పించమనీ ఆజ్ఞాపించాడు.