పిల్లలు బక్కగా ఉన్నా లోపల కొవ్వు ఉండొచ్చు: కాటా చెప్పని సంగతి



సంతలో దూడను కొనేటప్పుడు ఎముక కట్టు, ఛాతీ వెడల్పు, కాళ్ల బలం చూస్తాం. పొట్ట నిండుగా ఉందని డబ్బులు పెట్టం కదా! మరి మన పిల్లల విషయంలో కాటా మీద అంకె ఒక్కటే చూస్తున్నాం. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి కండ ఎక్కువ, ఇంకొకరికి కొవ్వు ఎక్కువ ఉండొచ్చు. ఆ తేడా కాటాకు తెలీదు.

పుణె కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి బృందం 1993లో చుట్టుపక్కల ఆరు పల్లెల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన పిల్లల సగటు బరువు సుమారు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ బాగా తక్కువ. కానీ వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు! అంటే చూడ్డానికి బక్క, లోపల కొవ్వు. ఇలాంటి ఒంటితీరు వల్ల పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువని ఆయన హెచ్చరిస్తున్నారు.

మనకు పనికొచ్చే అసలు మాట ఇక్కడుంది. గర్భంతో ఉన్నప్పుడు ఆకుకూరలు, పండ్లు, పాలు తరచుగా తిన్న తల్లులకు పుట్టిన పిల్లలు పెద్దగా ఉన్నారు. మొత్తం ఎన్ని క్యాలరీలు తిన్నారన్న దానితో అంత సంబంధం కనిపించలేదు.

మరి మనం చేస్తున్నదేంటి? తెల్లారకముందే కట్టలు కట్టి కూర మార్కెట్‌కి పంపేస్తాం. ఇంట్లో కోడలికి మిగిలేది అన్నం, చారు. పిల్లాడు బక్కగా ఉన్నాడని బిస్కెట్లు, తీపి పానీయాలు పెడతాం. వాటితో కొవ్వు పెరుగుతుంది కానీ ఎముక కట్టు పెరగదు. దానికి పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర, ఎండలో ఆట కావాలి.

ఇంకో మాట. ఏడాది దాటాక 5-6 ఏళ్ల వరకు పిల్లలు కాస్త సన్నబడటం సహజం, కంగారు పడొద్దు. అయితే 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలకు దండ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే మాత్రం ఆలస్యం చేయకుండా అంగన్‌వాడీలో, డాక్టర్ దగ్గర చూపించండి.

పెరట్లో నాలుగు మడులు వేసుకోండి. తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి పది రోజుల తేడాతో విత్తుకుంటే కోత ఆగదు. గట్టున ఒక మునగ చాలు. ఘనజీవామృతం ఎలా వేయాలో పై వీడియోలో చూపించాను.

మొదటి కట్ట ఇంటికి, రెండోది మార్కెట్‌కి. ఈ ఒక్క నియమం పెట్టుకోండి.