వయసు, ఆక్సీకరణ ఒత్తిడి – రక్తనాళాల ఆరోగ్యం

వయసు పెరిగే కొద్దీ ధమనులు సాగే గుణాన్ని కోల్పోయి గట్టిపడతాయి. గోడలలోని ఎలాస్టిన్ పోగులు తెగిపోయి, బిరుసైన కొల్లాజెన్ పెరగడం ఇందుకు ముఖ్య కారణం. వృద్ధులలో సిస్టోలిక్ రక్తపోటు మాత్రమే అధికంగా ఉండడం తరచుగా దీని ఫలితమే. అయితే గోడ గట్టిపడక ముందే దాని లోపలి పొరలో మార్పు మొదలవుతుంది. ఆ మార్పులో ఆక్సీకరణ ఒత్తిడి పాత్ర ప్రధానమైనది.

లోపలి పొరను ఎండోథీలియం అంటారు. ఒకే కణం మందం గల ఈ పొర నాళాన్ని సడలించే పదార్థాన్ని విడుదల చేస్తుందని ఫర్చ్‌గాట్ 1980లో చూపారు. అది నైట్రిక్ ఆక్సైడ్ అని తరువాత తేలింది. ఈ పరిశోధనలకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. నైట్రిక్ ఆక్సైడ్ నాళ కండరాన్ని సడలించడమే కాక, రక్తఫలకికలు గోడకు అంటుకోకుండా నివారిస్తుంది.

కణాలలో శక్తి ఉత్పత్తి జరిగేటపుడు మైటోకాండ్రియాల నుంచి కొంత సూపర్ ఆక్సైడ్ వెలువడుతుంది. డిస్మ్యుటేజ్ ఎంజైము దానిని తొలగిస్తుంది. వయసుతో ఉత్పత్తి పెరిగి, తొలగింపు వెనుకబడినపుడు ఏర్పడే అసమతౌల్యమే ఆక్సీకరణ ఒత్తిడి. మిగిలిన సూపర్ ఆక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్‌తో అతివేగంగా కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారుతుంది. దీని వలన నష్టం రెండు విధాలు. నాళాన్ని సడలించే పదార్థం తరిగిపోతుంది. దానిని తయారుచేసే ఎంజైముకు అవసరమైన టెట్రాహైడ్రోబయోప్టెరిన్ కూడా పాడవుతుంది. అప్పుడు ఆ ఎంజైమే నైట్రిక్ ఆక్సైడ్‌కు బదులు సూపర్ ఆక్సైడ్‌ను తయారుచేస్తుంది. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు ఈ విషవలయాన్ని తీవ్రతరం చేస్తాయి.

అలాగైతే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలో, గుండెజబ్బు ముప్పు అధికంగా ఉన్న 55 ఏళ్లు, ఆపై వయసు వారికి రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ సగటున 4.5 సంవత్సరాలు ఇచ్చినా గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు. సూపర్ ఆక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసే వేగాన్ని విటమిన్లు అందుకోలేకపోవడం దీనికి ఒక వివరణ.

ఆహారం మరొక మార్గాన్ని చూపుతుంది. తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్‌ను నోటిలోని బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి. శరీరంలో దాని నుంచి నైట్రిక్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. ఈ మార్గానికి పైన చెప్పిన ఎంజైముతో పని లేదు. నైట్రేట్ నీటిలో కరుగుతుంది కనుక ఆకుకూరలు ఉడికించిన నీటిని పారబోయరాదు. క్రమం తప్పని నడక వలన రక్తప్రవాహ వేగం పెరిగి, ఎండోథీలియం నైట్రిక్ ఆక్సైడ్‌ను అధికంగా విడుదల చేస్తుంది.

కావున విస్తరణ కార్యకర్తలు మాత్రలకన్నా పెరటి ఆకుకూరలను, నడకను, పొగాకు మానడాన్ని ప్రోత్సహించాలి. ఇవి రక్తపోటు మందులకు ప్రత్యామ్నాయం కావని కూడా స్పష్టం చేయాలి. వార్ఫరిన్ వాడేవారు వైద్యుని సలహా లేకుండా ఆకుకూరల మోతాదును ఒక్కసారిగా మార్చరాదు.